బియ్యం పడవ, ఉప్పు పడవ

మొన్న సాయంత్రం బందరు లాకుల దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. ఆటోలో నేనూ, మా మనవరాలూ, దాని మోయలేని బడి సంచీ. పావుగంటైనా బండి కదల్లేదు. ఆటో అబ్బాయి ఇంజను ఆపేసి, దిగి ముందుకెళ్లి చూసొచ్చి, ఏమీ చెప్పకుండా మళ్లీ కూర్చున్నాడు. పిల్లకి తోచక, "తాతయ్యా, దీన్ని లాకులు అంటారెందుకు? ఇక్కడ ఏం లాక్ చేసేవాళ్లు?" అని అడిగింది.

"నీళ్లని" అన్నాను.

నేను ఆటపట్టిస్తున్నాననుకుని మూతి ముడిచింది. ఆటో అబ్బాయి కూడా అద్దంలోంచి నా మొహం చూశాడు. రోజుకు పదిసార్లు "లాకుల దగ్గర దిగుతారా" అని అడిగే మనిషి, అతనికీ తెలిసినట్టు లేదు. బెజవాడ మధ్యలోంచి మూడు కాలువలు పోతాయి. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ. రోజూ వాటిని దాటుతూనే ఉంటాం. వాటి మీద పడవెక్కి ఊళ్లకు పోవచ్చన్న ఊహ మాత్రం ఇప్పుడెవరికీ రాదు. రాకపోవడంలో తప్పేం లేదు లెండి, గుర్రపుడెక్క పక్కకు జరిగితే కదా అడుగున కాలువ ఉందని తెలిసేది!

ఇంటికి చేరేలోపు దానికి కొంత చెప్పాను. చెప్పినదానికంటే మిగిలిందే ఎక్కువ. అది ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టింది 1957లో. ప్రకాశం బ్యారేజీ పూర్తయిందీ ఆ ఏడే. "మీరిద్దరూ ఒక ఈడువాళ్లురా. దానికి డెబ్బై గేట్లున్నా అన్నీ మూతపడతాయి. నీకున్నది ఒక్క నోరు, అది మాత్రం పడదు" అనేవాడు మా అమ్మ వాళ్ల నాన్న. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. నేనేమో వదురుబోతుని. అయినా ఎక్కడికెళ్లినా నన్నే వెంటేసుకునేవాడు.

తాతయ్యకి గూటి పడవ ఉండేది. మధ్యలో సరుకు, దాని మీద తడికెల గూడు, వెనకవైపు చుక్కాని దగ్గర ఒక మంచం పట్టేంత చోటు. ఆ చోటే వంటిల్లు, పడకటిల్లు, పూజగది అన్నీ. ఒక మట్టి పొయ్యి, రెండు కుండలు, ఉప్పూకారం పెట్టుకునే చెక్కపెట్టె, ఒక హరికేన్ లాంతరు. తెరచాప కొయ్య ముందువైపు. గాలి ఉంటే చాప, గాలి లేకపోతే గడ, ఎదురు నీరైతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగడం. ఈ మూడే ఆ బండికి ఇంజన్లు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువ కట్టేసేవాళ్లు. అప్పుడు పడవని గట్టెక్కించి, బల్లల సందుల్లో పీచు కూరి తారు పూసేవాళ్లు. మా అమ్మమ్మకి ఆ తారు వాసనంటే ప్రాణం. ఎందుకంటే తాతయ్య ఇంట్లో ఉండేది ఆ రెండు నెలలే.

1968 సంక్రాంతి సెలవలకి నన్ను పడవెక్కించుకున్నాడు. నాకప్పుడు పదేళ్లు నిండి పదకొండో ఏడు. పోయేటప్పుడు బియ్యం బస్తాలు, వచ్చేటప్పుడు చినగంజాం కొటార్ల ఉప్పు. కొటార్లంటే ఉప్పు పండించే మడులు. పండక్కి మనవణ్ని ఇంట్లో లేకుండా చేస్తున్నాడని అమ్మమ్మ గొణిగింది. "వీడు ఇంట్లో ఉంటే నీకు పండగెక్కడిది" అన్నాడు తాతయ్య. అమ్మమ్మ ఇక మాట్లాడకుండా అరిసెల డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టింది.

ఒక్క పడవ పోవడమనేది ఉండేది కాదు. జట్టుగా పోయేవాళ్లు. మా జట్టులో అయిదు పడవలు. వాటిని సరుకు పేరుతోనే పిలిచేవాళ్లు, మనుషుల్నీ అంతే. మాది బియ్యప్పడవ. రెండోది ఉప్పు పడవ. అది పోయేటప్పుడు ఖాళీగా పోయినా ఉప్పు పడవే. మూడోది ఇటుకల పడవ. నాలుగోది గడ్డి పడవ, దాన్ని ఎదురుగా చూస్తే పడవ కనపడదు, ఒక వామి నీళ్ల మీద నడిచొస్తున్నట్టుంటుంది. చివరిది కుండల పడవ. దాంట్లో భార్యాభర్తలు ఇద్దరే. ఆ పిన్ని నోరు మంచిదే కానీ ఏ పడవైనా దగ్గరకొస్తే చాలు, "అయ్యా, తగలకండి, అయ్యా, తగలకండి" అంటూ రెండు చేతులూ అడ్డం పెట్టేది, చేతులతో ఆపగలిగినట్టు. 

ఉప్పు పడవలో నా ఈడు పిల్లాడు ఒకడుండేవాడు. వాడు బడికి పోడు. వాడికి రాని పని లేదు. మొదటిరోజు నేను చదివే క్లాసు గురించి గొప్పలు పోతే అంతా విని, "గడెయ్యటం వచ్చా?" అన్నాడు. రాదన్నాను. "తాడు ముడి?" రాదన్నాను. "మరి ఆరో క్లాసులో ఏం చెప్తారు?" అన్నాడు. వాడు నన్ను బియ్యం అనేవాడు, నేను వాణ్ని ఉప్పు అనేవాణ్ని. ఆ పేర్లు ఇప్పటికీ పోలేదు.

తెల్లవారుజామున హెడ్ లాకు దాటి నదిలోకి వచ్చాం. అవతల ఒడ్డున సీతానగరం, వెనక ఇంద్రకీలాద్రి. మంచుకి రెండూ కనపడలేదు. తెడ్ల చప్పుడు తప్ప చప్పుడు లేదు. ఎడమవైపు బ్యారేజీ ఉందని తెలుసు. కిలోమీటరు పైచిలుకు పొడుగున్న కట్టడం, అది కూడా మంచులో మాయం. ఎవరో దగ్గితే అది గడ్డి పడవ తాత అని గుర్తుపట్టి, దాన్నిబట్టి మా పడవ ఎక్కడుందో తాతయ్య లెక్కేసుకున్నాడు. కాసేపటికి బ్యారేజీ మీదుగా పొద్దు పొడిచింది. ముందు గేట్లు కనపడ్డాయి, తర్వాత అయిదు పడవలూ ఒకదానికొకటి కనపడ్డాయి. కుండల పడవ మాకు రెండు బారల దూరంలో ఉంది! పిన్ని కేక ఒడ్డు దాకా వినపడి ఉంటుంది.

అంతకుముందు ఆగస్టులోనే పైన నాగార్జునసాగర్ కాలువలకి నీళ్లొదిలారు. పడవల వాళ్లంతా అదే మాట్లాడుకునేవాళ్లు. ఇకమీదట కిందకి నీళ్లెన్నొస్తాయి, మన కాలువలకెన్నొస్తాయి అని. తాతయ్య వినేవాడు కానీ అందులో కలగజేసుకునేవాడు కాదు.

సీతానగరం లాకు నేను వెలుతురులో సరిగ్గా చూసిన మొదటి లాకు. నా మనవరాలికి చెప్పినట్టే చెప్తాను. నది నీళ్లు ఎత్తులో ఉంటాయి, కాలువ నీళ్లు పల్లంలో. మనిషైతే మెట్లు దిగుతాడు. పడవ ఎలా దిగాలి? అందుకని రాతిగోడలతో ఒక గది కట్టి, ముందొక జత తలుపులు, వెనకొక జత తలుపులు పెట్టారు. పడవలు గదిలోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. ముందు తలుపులకున్న చిన్న షట్టర్లు చక్రం తిప్పి ఎత్తుతారు. గదిలో నీళ్లు మెల్లగా కిందకి పోతాయి, వాటితోపాటు పడవలూ దిగుతాయి. పక్కనున్న గోడ పైకి పెరుగుతున్నట్టుంటుంది. చూస్తుండగానే గట్టు మీద నిలబడ్డ లస్కరు, అంటే లాకు పనిమనిషి, కాళ్లు మన తలకంటే పైకి పోతాయి. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ సమానమయ్యాక తలుపులు నెడితే తెరుచుకుంటాయి. అంతకుముందు ఎంతమంది నెట్టినా కదలవు.

ఇందులో ఒక కిటుకుంది. తలుపు తీసిన ప్రతిసారీ గదినిండా నీళ్లు కిందకి పోతాయి. ఒక్క పడవ కోసం అన్ని నీళ్లు ఖర్చు పెట్టరు. అందుకని లాకు నిండేదాకా ఆపేవాళ్లు. మా సైజు పడవలు మూడు పడతాయి, పక్కపక్కన సర్దుకుంటే నాలుగు. మేము అయిదుగురం.

మొత్తం ప్రయాణంలో గొడవలన్నీ ఈ లెక్క దగ్గరే వచ్చాయి. దుగ్గిరాల లాకు దగ్గర గడ్డి పడవ తాతకీ, ఇటుకల పడవ మావయ్యకీ మాటామాటా పెరిగింది. గడ్డి పడవ ఒక్కటే రెండు పడవల చోటు తింటుంది. అది ముందు దూరితే వెనక రెండే పడతాయి. ఇటుకల మావయ్య, "నీ వామి గోడకి ఆనించి సర్దుకో" అంటాడు. తాతేమో, "నా గడ్డి ఒక్క పరక రాలినా నీ ఇటుకలన్నీ నీళ్లలో ఉంటాయి" అంటాడు. లాకు సూపర్నెంటు గట్టు మీద కుర్చీ వేసుకుని, ఇదంతా రోజూ చూసేదే అన్నట్టు, వక్క నములుతూ చూస్తున్నాడు. చివరికి గడ్డి, ఇటుకలు, ఉప్పు ముందు దిగాయి. మేమూ, కుండల వాళ్లూ మిగిలిపోయాం. మా వెనక ఇంకో రెండు పడవలొస్తేనే మళ్లీ తలుపు తీసేది. అవి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆ వేళప్పుడు లాకు తియ్యరు. పొద్దున్న దాకా ఆగమన్నారు.

నాకు ఏడుపొచ్చింది. వాళ్లు ముగ్గురూ వెళ్లిపోయి ఉంటారు, ఉప్పుగాడు వెళ్లిపోయి ఉంటాడు అని. గట్టెక్కి చూద్దును కదా, లాకు కింద మూడు పడవలూ గూటాలకు కట్టేసి ఉన్నాయి. గడ్డి పడవ తాత, ఇటుకల మావయ్య ఒకే పొయ్యి ముందు కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. పొద్దుట అంత తిట్టుకున్నవాళ్లు!

"వాళ్లు వెళ్లిపోలేదేం తాతయ్యా?" అని అడిగాను.

"వెళ్లి? అవతల లాకు దగ్గర ముగ్గురికే తలుపు తీస్తారా ఏంటి? అక్కడ కూర్చునే బదులు ఇక్కడ కూర్చున్నారు" అన్నాడు.

ఆ రాత్రి పిన్ని చేపల పులుసు పెట్టింది. పడవ తాకిడికి నెర్రె ఇచ్చిన కుండ ఒకటి ఆమె దగ్గర ఎప్పుడూ ఉండేది. అమ్ముడుపోదు కనక వంటకి వాడేసేది. నెర్రె దగ్గర పిండి ముద్ద అంటించి, అది పైకి ఉండేలా వాటంగా పొయ్యి మీద పెట్టేది. అంత రుచి ఇంకెక్కడా తినలేదని రాస్తే మా ఆవిడ చదువుతుంది కాబట్టి ఆ మాట రాయను. దుగ్గిరాల పసుపు ఊరు కదా, గట్టు మీద ఎవరో ఇచ్చిన పచ్చి పసుపు కొమ్ము దంచి వేసింది. నా వేళ్లు రెండు రోజులు పచ్చగానే ఉన్నాయి.

దుగ్గిరాల దాటితే కొమ్మమూరు కాలువ. సంగం జాగర్లమూడి దగ్గర ఉండగా భోగి వచ్చింది. ఇంకా చీకటి. పడవ కదులుతూనే ఉంది, నేను దుప్పటి కప్పుకుని గూటి మీద కూర్చున్నాను. ముందొక మంట కనపడింది. దాన్ని దాటేసరికి ఇంకోటి. కాలువ పొడుగునా ఊరికొక మంట, గట్టు మీద పిల్లల గోల, నీళ్లలో ఆ మంటల నీడలు. మేము ఒక ఊరి భోగిలోంచి ఇంకో ఊరి భోగిలోకి పోతున్నాం. ఒకచోట పిల్లలు మా వెంట గట్టు మీద పరుగెత్తారు. ఇంకోచోట హరిదాసు చిడతలు వాయిస్తూ మాతో సమానంగా నడిచాడు. కాలువ వేగం, ఆయన నడక ఒకటే. ఆయన పాట రెండు పొలాల దూరం దాకా మాతోనే వచ్చింది. తర్వాత ఆయన ఊళ్లోకి తిరిగిపోయాడు. తాతయ్య గూట్లోంచి దోసెడు బియ్యం తీయించి, గట్టు వారగా పడవ పోనిచ్చి, ఆయన అక్షయపాత్రలో పోయించాడు. బస్తాలు షావుకారివి. ఆ దోసెడు మాత్రం మా తిండి బియ్యంలోంచి తీశారు. ఆ తేడా తాతయ్యకి చాలా ముఖ్యం.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. దిగువకి పోయేటప్పుడు నీటివాలే పడవని తీసుకుపోతుంది కాబట్టి మనుషులకి పెద్ద పనుండదు. చూసుకోవాల్సింది వంతెనలే. తెరచాప కొయ్య ముందే దించేసుకుంటారు. చుక్కాని పట్టేవాడు మాత్రం వెనక ఎత్తు మీద నిలబడతాడు, గూడు అడ్డమై అతనికి వంతెన సరిగ్గా కనపడదు. ముందు కూర్చున్నవాడు "తల!" అని అరవాలి. ఆ కేక వినగానే చుక్కాని మనిషి వంగుతాడు. నాకు ఇచ్చిన ఉద్యోగం అదొక్కటే. రెండు రోజులు గొంతు చించుకుని చేశాను. మనిషి ఎత్తుకి రెండింతలున్న వంతెనలకి కూడా అరిచాను. మూడో రోజు ఒక లకుముకి పిట్ట నీళ్లలోకి దూకి చేపతో పైకొచ్చింది. దాన్నే చూస్తూ ఉండిపోయాను. నెత్తిన నీడ పడితే తలెత్తాను. అప్పటికే సగం వంతెన కిందున్నాం.

తాతయ్య చివరి క్షణంలో వంగాడు. తల దక్కింది కానీ తలపాగా దక్కలేదు. దూలానికున్న ఇనుప మేకుకి తగులుకుని, విచ్చుకుని, వంతెనకి జెండాలాగా వేలాడింది. మా వెనకొచ్చిన నాలుగు పడవలూ ఆ తలపాగా కింద నుంచే వచ్చాయి. కుండల పడవ బాబాయి గడతో దాన్ని తీసి, రాత్రికి తెచ్చిచ్చాడు. తాతయ్య ఒక్క మాట అనలేదు. మిగిలినవాళ్లు మాత్రం తిరిగి బెజవాడ చేరేదాకా వదల్లేదు. అన్నం తినేటప్పుడు ముద్ద నోటి దాకా తీసుకెళ్లగానే ఉప్పుగాడు "తల!" అనేవాడు. నేను వంగేవాణ్ని. ప్రతిసారీ వంగేవాణ్ని, అదే నా ఖర్మ.

కాకుమాను ప్రాంతాల నుంచి నేల మారిపోయింది. నల్లరేగడి. గట్టు మీద దిగితే అరికాలికి ఇంకో అరికాలు అంటుకునేది. అక్కడ కుడిచేతి వైపు చూపించి తాతయ్య, "అటు పెదనందిపాడు. నేను చిన్నప్పుడు ఆ ఊళ్లు తెల్లవాడికి పన్ను కట్టం పొమ్మన్నాయి" అన్నాడు. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పన్ను నిరాకరణ గురించి నేను బళ్లో చదువుకున్నది చాలా ఏళ్ల తర్వాత. అప్పుడు నాకా సంగతి కంటే ఆయనే నోరు విప్పి అన్ని మాటలు మాట్లాడటం వింతగా అనిపించింది. బకింగ్‌హాం కాలువ సంగతీ ఆ రోజే చెప్పాడు. బెజవాడ నుంచి కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం దాకా 113 కిలోమీటర్లు. అక్కణ్నుంచి మద్రాసుకి బకింగ్‌హాం కాలువ మీద ఇంకో 316. మద్రాసు దాటాక కూడా మరక్కాణం దాకా పోతుంది. ఇవతల వైపు చూస్తే ఏలూరు కాలువ రాజమండ్రిలో కలుపుతుంది, అటునుంచి కాకినాడ పోవచ్చు. కిలోమీటర్ల లెక్క నేను తర్వాత నేర్చుకున్నది. ఆయన లెక్క లాకుల్లోనూ, రాత్రుళ్లలోనూ ఉండేది. "మద్రాసులో ఒక ముక్క కరువులో తవ్వించారంట. కూలికొచ్చిన జనం తవ్వారు, దొర పేరెట్టుకున్నాడు" అన్నాడు. 1877-78 నాటి కరువు పనులవి, అప్పటి మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం. మా వైపు జనం ఇప్పటికీ సీతానగరం నుంచే దాన్ని బకింగ్‌హాం కాలువ అనేస్తారు.

తాతయ్య ఒకసారి సరుగుడు కట్టెలతో మద్రాసు దాకా పోయొచ్చాడట. ఏం చూశావని అడిగితే, "నీళ్లు ఉప్పగా ఉన్నయ్" అన్నాడు. ఆ మాట అర్థమైంది పెదగంజాంలో.

అక్కడి లాకు మిగతా లాకుల్లాంటిది కాదు. దానికి ఇవతల కృష్ణ నీళ్లు, తియ్యగా ఉంటాయి. అవతల సముద్రపు పోటుకి పెరిగి, పాటుకి తగ్గే ఉప్పునీళ్లు. అందుకని లాకు దాటకముందే అందరూ తాగేనీళ్లు నింపుకోవాలి. ఆ పూట మా జట్టులో రాణి ఎవరంటే కుండల పడవ పిన్నే. అయిదు పడవలకీ కుండలు ఆమే ఇచ్చింది. దారంతా "మీ కుండల గోల ఆపమ్మా" అని విసుక్కున్న ఇటుకల మావయ్య రెండు కుండలు తీసుకుని, కిక్కురుమనకుండా డబ్బులిచ్చాడు. వరదల రోజుల్లో ఎర్రనీళ్లొస్తే కుండ లోపల చిల్లగింజ అరగదీసి తేర్చేవాళ్లట. మాకప్పుడు ఆ అవసరం రాలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

లాకు దాటాక ఉప్పుగాడు నన్ను పడవ పక్కకి వంగి చూడమన్నాడు. బల్ల మీద నీటి గుర్తు ఉంటుంది కదా, అది ఒక వేలు మందం పైకి తేలింది. బస్తా ఒక్కటి కూడా దించలేదు. ఉప్పునీళ్లు బరువెక్కువ కాబట్టి పడవని పైకి ఎత్తుతాయని మా సైన్సు మాస్టారు తర్వాతెప్పుడో చెప్పారు. బడికి పోని ఉప్పుగాడు నాకది వేలు పెట్టి చూపించాడు. ఆపైన నీళ్లలో వేలు ముంచి నాకమన్నాడు. నాకాను. వాడు నేల మీద పడి దొర్లి నవ్వాడు.

చినగంజాం కొటార్లు చూస్తే మొదట కళ్లు మూతలు పడ్డాయి. మడులన్నీ తెల్లగా, మధ్యలో ఉప్పు గుట్టలు, మనుషులు నల్లగా చీమల్లాగా. బియ్యం దించారు, ఉప్పు ఎక్కించారు. ఎక్కించడానికి పట్టిన రోజులు నాకు సరిగా గుర్తులేవు. నాకు గుర్తున్నది మడమ పగుళ్లలోకి ఉప్పు పోతే కలిగే మంట ఒక్కటే.

తిరుగు ప్రయాణం వేరే సంగతి. ఎదురు నీరు, ఎదురుగాలి. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ లాగాలి. తాడు కొసన ఒక కర్ర, అది రొమ్ముకి అడ్డంగా. తాడు రెండో కొస తెరచాప కొయ్య పైభాగానికి కడతారు, గట్టు మీది తుప్పలకి తగులుకోకుండా. వాళ్లు నేలకి వంగి, ఒక్కో అడుగూ నొక్కిపెట్టి నడిచేవాళ్లు. "హైలెస్సా" అంటూ పాడేవాళ్లని సినిమాల్లో చూపిస్తారు. మా వాళ్లు పాడిందేమీ లేదు. ఊపిరి మిగిలితే కదా! నేనూ లాగుతానని పట్టుబట్టాను. యాభై అడుగులు కూడా వెయ్యలేదు, తుమ్మముల్లు గుచ్చుకుని కూలబడ్డాను. పిన్ని పిన్నీసుతో ముల్లు తీసింది. పోయేటప్పుడు అయిదు రోజులు పట్టిన దారి వచ్చేటప్పుడు తొమ్మిది రోజులైంది. గడ్డీ ఇటుకలూ దారిలోనే దిగిపోయాయి, ఆ పడవలు ఖాళీగా తేలిగ్గా ఉన్నాయి. వాళ్ల మనుషులొచ్చి మా తాడుకి, ఉప్పు పడవ తాడుకి భుజం వేశారు. లెక్క పాతదే, లాకు నిండాలి కదా. 

బడికి వారం ఆలస్యంగా వెళ్లాను. మాస్టారు ఎందుకు రాలేదని అడిగితే, పెదగంజాం వెళ్లానన్నాను. "రైల్లో రెండు పూటల్లో రావచ్చు కదరా?" అన్నారు. పడవలో అనేసరికి క్లాసంతా నవ్వింది. గోడకుర్చీ వేశాను. వేసినంతసేపూ నాకు లాకులో కిందకి దిగుతున్నట్టే ఉంది.

ఆ నవ్వులో సగం సంగతి ఉంది. 1968 నాటికే పడవంటే నవ్వొచ్చే కాలం వచ్చేసింది. లారీలు పొద్దున్న ఎక్కించుకుని రాత్రికి దించేస్తున్నాయి. షావుకార్లకి తొమ్మిది రోజులు ఆగే ఓపికెందుకుంటుంది? మొదట గడ్డి పడవ ఆగింది, తర్వాత ఇటుకలు. జట్టు తగ్గేకొద్దీ లాకుల దగ్గర ఆగడం పెరిగింది. పూటలు పోయి రోజులయ్యాయి. నిజానికి మా తాతయ్య పడవని లారీ కంటే ఆ ఎదురుచూపే ఎక్కువ దెబ్బ తీసిందని నా అభిప్రాయం. 1973లో అమ్మేశాడు. కొన్నవాడు బల్లల కోసం కొన్నాడు, పడవ కోసం కాదు. ఒక్క బల్ల మాత్రం తాతయ్య ఇవ్వలేదు. తాడు రాసుకుని రాసుకుని దానికి వేలు దూరేంత గాడి పడింది. అది ఇప్పుడు మా వరండాలో చెప్పులు విప్పుకునే బల్ల. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు తాతయ్య ఆ బల్ల మీదే కూర్చుని రేడియో విన్నాడు. పిన్ని వాళ్ల ఊరు ఆ వైపే. వాళ్ల సంగతి మాకు మళ్లీ తెలియలేదు. ఆయన చాలా రోజులు లాకుల దగ్గరికి నడిచివెళ్లి వచ్చేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలనీ, గోదావరి కృష్ణల్లో కొంత భాగాన్నీ కలిపి నాలుగో జాతీయ జలమార్గం అన్నారు. మొత్తం 1078 కిలోమీటర్లు. పేపర్లో చూసి ఉప్పుగాడికి ఫోన్ చేశాను. వాడు తాడేపల్లిలో ఉంటాడు, కొడుకులకి రెండు లారీలున్నాయి. "బాగానే ఉంది గానీ వంతెనలు ఎత్తుతారంటనా?" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. గట్ల మీద ఇళ్లొచ్చాయి, నీళ్లలో డెక్క వచ్చింది. పేరు పెట్టడం పెద్ద పనేం కాదు. 

ఆటోలో మనవరాలు అడిగిన ప్రశ్న కూడా వాడికి ఫోన్‌లో చెప్పాను. ఆదివారం దిగబడ్డాడు. "పిల్లకి లాకు చూపిద్దాం పద" అని మమ్మల్ని సీతానగరం తీసుకెళ్లాడు. గట్టు మీద నిలబడి ఇది తలుపు, ఇది షట్టరు, ఇక్కడ మీ తాత ఏడ్చాడు అని చెప్పుకుపోయాడు. నేను ఏడ్చింది దుగ్గిరాలలో. వాడు వింటేనా! పిల్ల ఫోటోలు తీసుకుంది. నీళ్లు పారుతున్నాయి. రేవులో బట్టలుతికే ఇద్దరు మమ్మల్ని చూసి, ఎవరైనా పోయారా అని అడిగారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ముగ్గురం. ఊళ్లోకి వచ్చాక రైలు కట్ట కింద దారి ఉంటుంది, పైకప్పు బాగా కిందకి. ఆటో అందులోకి దూరుతుండగా ఉప్పుగాడు ఉన్నట్టుండి, "తల!" అన్నాడు.

వంగాను. నుదురు ముందు సీటు కమ్మీకి టంగుమని తగిలింది. వాడు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుతున్నాడు. మనవరాలు మా ఇద్దరి వంకా చూసి, "ఆటోకి టాపుంది కదా తాతయ్యా, ఎందుకు వంగావు?" అంది.